నిలబడడం

మలక్‌పేటలో పరుగు మానేసిన గుర్రానికి
మూసీ పక్కన రేకుల షెడ్డు వెనక
యాదుల్లా చాచా నిలబడడం నేర్పుతున్నాడు.

ముందు గిట్టలు.
కొక్కెంతో బురదా, ఓ గాజుపెంకూ గీకి తీసి
వేలు ముక్కు దగ్గర పెట్టుకుంటాడు.
కుళ్లు వాసన లేదు. "అచ్ఛా."

తర్వాత తాడు.
రెండడుగులేసి ఆగుతాడు.
అది ఆగదు, భుజం మీదికే వస్తుంది.
కొట్టడు. తాడు కాస్త ఊపి
వెనక్కి, ఇంకా వెనక్కి,
మళ్లీ మొదట్నుంచి.
కాగితాల్లో దాని పేరు తుఫాను.
ఇక్కడ ఒట్టి "బేటా".

చాదర్‌ఘాట్ వైపు ఎవరిదో బరాత్, మర్ఫా మోగింది.
దాని చర్మం జలదరించింది. చెవులు అటే.
కాళ్లు మాత్రం ఇక్కడే.
బకెట్ పట్టుకున్న నేను ఊపిరి వదిలాను.

చాచా తాడు వదులు చేశాడు.
జేబులో బెల్లంముక్కకి బీడీపొడి అంటుకుంది.
ఊది పెట్టాడు.