ముల్లు ఎక్కడుంది?

ఆల్స్టన్‌లో అక్టోబరు అంటే
గోడలకు చెమట పట్టే నెల.
రాళ్ళు పరిచిన వీధిలో పొగమంచు
విప్పిన పత్తిమూటలా కిందికి దొర్లుతుంది.
షూటింగ్ క్లబ్బు హాలుకు తాళం వేశారు,
మార్చి దాకా కాగితం గురులకు సెలవు.
ఈ ఐదు నెలలూ తుపాకీ నా పూచీ.

మందు లేదు, నిప్పు లేదు,
దాని కడుపులో ఉన్నదల్లా గాలి.
మా పెరట్లో బట్టలు ఎగరేసుకుపోయే గాలే,
కుక్కి కుక్కి గొట్టంలో కూర్చోబెట్టింది.

అమ్మేటప్పుడు విల్‌ఫ్రెడ్ డోడ్
డబ్బు లెక్కపెట్టుకోలేదు, మాట తీసుకున్నాడు:
"ఖాళీగా మాత్రం పెట్టకు."
ఫౌండ్రీలో నలభై ఏళ్ళు చేసిన చేతులు.
కళ్ళ మధ్యలో ఇప్పుడు మసక మచ్చ.
లోకం అంచుల్లోనే కనిపిస్తుందట:
ఎదురుగా నిలబడితే
నా చెవులు కనిపిస్తాయి, ముఖం కనిపించదు.

ప్రతి గురువారం మా మందుల షాపు మూసే వేళకు వస్తాడు.
టీ అడగడు. టోపీ తియ్యడు.
"ముల్లు ఎక్కడుంది?" అంటాడు,
జ్వరంతో ఉన్న పిల్లాణ్ణి గురించి అడిగినట్టు.

పోయిన గురువారం చెప్పాల్సొచ్చింది:
"రాత్రి నూట ఇరవై మీద వదిలాను.
తెల్లారేసరికి తొంభై ఐదు."

తిన్నగా మా ఇంటికి నడిచాం.
బోల్టు తెరిచి, గుండు లేదని
నేను కళ్ళతో చూశాను, అతను వేలితో తడిమాడు.
వంటింటి బల్ల మీద దాన్ని పడుకోబెట్టి
ఫ్రిజ్ ఆపమన్నాడు.
గోడ గడియారం వరండాలో పెట్టమన్నాడు.
మా చరిత్‌ని ఊపిరి బిగబట్టమన్నాడు.
అప్పుడు చెవి ఆనించాడు.
చాలాసేపు.
"ఇక్కడ."

గాలి నింపే ముక్కు దగ్గర సబ్బు నురగ పూశాను.
రేపల్లెలో, వేసవి సెలవుల్లో, సైకిల్ షాపులో
ట్యూబుని బేసిన్ నీళ్ళలో ముంచి
బుడగ కోసం కాచుకునేవాళ్ళం.
దీన్ని ముంచకూడదు, అంతే తేడా.
ఆవగింజంత బుడగ. దాని వెనకే ఇంకోటి.

ఉన్న గాలంతా మెల్లగా వదిలేశాక
చెక్కపుల్లతో లేపి తీశాను:
రబ్బరు రింగు, కాలి మెట్టె కన్నా సన్నం,
ఒక పక్క చలికి పగిలిన పెదవిలా.
కొత్తది తొడుగుతూ "కాస్త నూనె రాయనా?" అన్నాను.
మా ఇంట్లో కీచుమన్న ప్రతిదానికీ కొబ్బరినూనే మందు.
అతను నవ్వడం అదే మొదటిసారి విన్నాను.
"అంత ఒత్తిడిలో నూనె భగ్గుమంటుంది.
సిలికాన్ గ్రీజు. గోటి మీద పట్టేంత."

నేను పంపు కొడుతుంటే చరిత్ లెక్కపెట్టాడు.
యాభై కొట్టాక ఆగాలి,
పంపు చల్లారాలి, లోపలి చెమ్మ బయటికి పోవాలి.
ఆ ఆగిన చోట విల్‌ఫ్రెడ్ బల్లతో అన్నాడు:
"ఐరిస్ మంచాన పడ్డ మూడేళ్ళూ
దీన్ని ఖాళీ చేసి అటకెక్కించాను.
ఖాళీగా ఉంటే క్షేమం అనుకున్నా.
గాలి నొక్కిపట్టి ఉంచకపోతే
వాల్వు తన చోటు మర్చిపోతుంది."
చరిత్ అంకె మర్చిపోయాడు.
మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాం.

నూట ఇరవై.
గుడ్డతో తుడిచాను, మా ముగ్గురి వేలిముద్రలూ పోయేలా.
సంచిలో పెట్టలేదు, సంచి చెమ్మని దాచుకుంటుంది.
ఇనప బీరువాలో నిలబెట్టి తాళం వేశాను.
పద్దెనిమిది నిండనివాడికి అందకూడదని ఇక్కడి చట్టం;
మావాడికి పదమూడు.
తాళంచెవి మెంతుల డబ్బాలో.
ఆ వాసనకే ఆమడ దూరం పోతాడు.
గుళ్ళు ఎక్కడున్నాయో మీకూ చెప్పను.

ఈ గురువారం ఒకటే వాన. అయినా వచ్చాడు.
"ముల్లు ఎక్కడుంది?"
"వదిలిన చోటే. వారం నుంచీ."
టోపీ అంచు నీళ్ళు కౌంటరు మీద చుక్కలు పడుతున్నాయి.
ఏమీ అనలేదు.
తల కొద్దిగా పక్కకు తిప్పి నిలబడ్డాడు,
నా ముఖం చూడ్డానికి.