ఊడ్చినవాడి వాంగ్మూలం

నా పేరు ఆంబ్రోజ్ టిలరీ.
ముప్ఫైమూడేళ్ల కిందట వాషింగ్టన్‌లో
ఆ తెల్లటి మెట్లు ఊడ్చిన చీపురు నాదే.
ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు గనక
మంగలి కుర్చీలో కూర్చుని చెబుతున్నాను,
చెంపలకి నురగతో.

టీవీలో మళ్లీ అతనే, సెనేటర్ స్ట్రౌడ్.
ఆరోజు కంచె మీంచి విసిరినవి
సొంత పతకాలా, స్నేహితుడివా,
పతకాలేనా, ఒట్టి రిబ్బన్లా?
టై కట్టిన కుర్రాడొకడు
కోడిగుడ్డుకి ఈకలు పీకుతున్నాడు.

పక్క కుర్చీలోంచి హోబార్ట్:
"పారేసినవాడు పారేసినట్టుండాలి.
ఓట్ల వేళకి మళ్లీ గోడకెలా తగిలిస్తాడు?"
కొరియా మంచుకి రెండు కాలివేళ్లిచ్చి వచ్చినవాడు.
అతని మాట నేను కాదనను.
లూషియస్ కత్తి ఆపాడు.
"మా తమ్ముడు విసర్లేదు.
విసరడానికి తిరిగి రాలేదు."
కాసేపు షాపులో టీవీ ఒక్కటే వాగింది.

నేను చూసింది చెబుతాను.
ఏప్రిల్ నెల.
చర్చిలో రొట్టెముక్క కోసం నిలబడ్డట్టు
వరసలో కుర్రాళ్లు.
ఒక్కొక్కడూ మైకు దగ్గర ఒక పేరు చెప్పి
(తన పేరు కాదు)
చెయ్యి విసిరాడు.
ఒకడు నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు.
వెనకవాడు తొయ్యలేదు.
చక్రాల కుర్చీలోంచి విసిరింది కంచె దాటలేదు.
ఎవరో తీసిచ్చారు. మళ్లీ దాటలేదు.
మూడోసారి పళ్లబిగువున.
ఆదివారం టోపీ పెట్టుకొచ్చిన ఒక ముసలావిడ
కొడుకు పతకాన్ని పెట్టెతో సహా ఎత్తి,
ఏమనుకుందో,
పెట్టె మాత్రం సంచీలో దాచుకుంది.

స్ట్రౌడ్ ఆ వరసలో ఉన్నాడా?
ఉండే ఉంటాడు.
అప్పుడందరిదీ ఒకటే జుట్టు.

మర్నాడు చీకటితోనే నన్ను పంపారు.
"తుక్కు ఎత్తెయ్" అన్నాడు మేస్త్రీ.
నక్షత్రాలు, శిలువలు, ఊదారంగు గుండెలు,
ఒక చేతికర్ర,
మంచుకి తడిసి సిరా పాకిన ఎవరిదో డిశ్చార్జి కాగితం.
డబ్బాలో అన్నీ ఒకే చప్పుడు చేశాయి.
ఏది సొంతమో ఏది అరువో
నా చేటకి తెలియలేదు.
పుల్లలకి చుట్టుకున్న రిబ్బన్లని మాత్రం
వేళ్లతో తీయాల్సొచ్చింది,
పసిపిల్ల తలలో చిక్కు తీసినట్టు.

ఒక పిన్ను బొటనవేట్లో దిగింది.
ఆ పతకం జేబులో వేసుకున్నాను.
దొంగతనమే.
వెనక పేరు చెక్కి ఉంది, చెప్పను.
స్ట్రౌడ్ మాత్రం కాదు.

ఫోన్ పుస్తకంలో వెతికి ఒకసారి ఫోన్ చేశాను.
ఎవరో ఆవిడ ఎత్తింది.
"మీ ఆయనదొకటి నా దగ్గరుందమ్మా" అన్నాను.
అవతల కుళాయి పారుతోంది, చాలాసేపు.
"మీరే ఉంచండి. దాన్ని మళ్లీ నా ఇంట్లోకి రానివ్వను."
అప్పుడు గాని కుళాయి కట్టలేదు.

నువ్వు తీర్పు చెప్పు హోబార్ట్, నీకు హక్కుంది.
లూషియస్‌కీ ఉంది.
ఆ టై కుర్రాడికి జీతమే ఉంది.
నాకున్నది వంటింట్లో ఒక సొరుగు.
అందులో ఊడిన గుండీలూ, ఏ తలుపువో తెలీని తాళంచెవులూ,
వాటి మధ్య అది.
ఏడాదికోసారి ఇత్తడి పాలిష్ పెట్టి తుడుస్తాను.
ఎవరి కోసమని అడక్కండి.

లూషియస్, ఆ చెవి వెనక
కాస్త చూసి గియ్యి.