మూడు వందల గంటలు

పై వాటా తౌనో కొత్త స్పీకర్లు కొన్నాడు.
రెండింటినీ ఎదురెదురుగా, ముక్కూ ముక్కూ రాసుకునేలా నిలబెట్టి
మీద కంబళి కప్పి
ఒకటే శబ్దం పోశాడు వాటి గొంతులో.
పాట కాదు, మాట కాదు,
ఉత్త హోరు.

మూడు వందల గంటలట!
కొత్త చెప్పు కరిచి కరిచి కాలికి లొంగినట్టు
లోపలి కాగితపు గరాటా, దాని రబ్బరు అంచు
మెత్తబడాలట.
"ఆ తర్వాత వినాలి వయొలిన్" అన్నాడు మెట్ల మీద,
బూట్ల మంచు దులుపుకుంటూ.

పన్నెండున్నర రోజులు.
నాకు లెక్క తెలుసు, నేను వాళ్ల కింద ఉంటాను.
తంపెరేలో డిసెంబరు, మూడింటికే చీకటి,
ఊరంతా మంచు కింద నోరు మూసుకుంటే
నా పైకప్పు ఒక్కటే నోరు మూయదు.
చీపురు కర్రతో రెండుసార్లు పొడిచాను.
హోరుకేం వినపడుతుంది?

శనివారం నన్ను సాక్షిగా పిలిచాడు.
పెట్టె విప్పని ఇంకో జత
దుకాణం నుంచి అరువు తెచ్చి, తెర కట్టి,
నాకూ ఇర్యాకీ చెరో పెన్సిలు, చెరో కాగితం,
యాలకుల రొట్టె, కాఫీ.
ముప్ఫై ఒక్క ఏళ్లు కాగితం మిల్లులో
కాగితం మందం కొలిచిన మనిషి,
గ్రాఫులు కూడా గీశాడు:
పాత గీత మీదే కొత్త గీత పడుకుంది,
అడుగు స్వరాల దగ్గర మాత్రం
వెంట్రుకవాసి పక్కకి జరిగింది.

పదిసార్లు వాయించాడు.
నావి ఐదు ఒప్పు, ఐదు తప్పు.
నాణెం ఎగరేసినా అన్నే వచ్చేవి.

ఇర్యా కాగితం తెల్లగానే ఉంది.
"వయొలిన్ సంగతి నాకు తెలీదు" అంది,
"ఆ హోరు ఎందుకు ఆపేశావు?"

జలపాతం పక్కన, మిల్లు కూలీల వరస ఇంట్లో
పుట్టిందట.
గోడలు వణికేవట, పాలగిన్నె మూత వణికేదట,
నీళ్ల చప్పుడులోనే జోకొట్టేదట వాళ్లమ్మ.
పెళ్లయి ఈ గుట్ట మీదికొచ్చాక
నలభై మూడేళ్లుగా నిద్ర సగమే.
"మొన్న పన్నెండు రాత్రులు
ఒక్కసారీ లేవలేదు."

తౌనో గ్రాఫు వంక చూశాడు.
ఆ గీతల్లో అది లేదు.
కాఫీ చల్లారేదాకా తెర పిన్నులు
ఒక్కొక్కటే తీస్తూ ఉండిపోయాడు.

రాత్రి పదకొండింటికి
మళ్లీ మొదలైంది, సన్నగా, నా పైకప్పులో.
అలవాటుగా చీపురు కర్ర అందుకున్నాను.

కాసేపు పట్టుకుని నిలబడి
మూలన పెట్టేశాను.