పడమర పాఠం

కోస్గి డిగ్రీ కాలేజీ, మూడో పీరియడు.
అమెరికా పటం మీద నా సుద్దముక్క
తూర్పు నుంచి పడమరకు జరిగింది.
"బండి కట్టుకొని పోయినోడికి నూట అరవై ఎకరాలు" అన్నాను.

వెనక బెంచీలో అంజిలప్ప లేచాడు.
"మావోళ్లు గూడ పడమరకే పోతరు సార్,
బొంబాయి బస్సుల.
ఎకరం సంగతి దేవుడెరుగు,
పండుకునే జాగకే కిరాయి."

నవ్వులు. నేనూ నవ్వి
రైలు పట్టాలు గీశాను,
పట్టాల వెంట ఉక్కు కొలుములు, పొగగొట్టాలు.
అక్కడ అంతకుముందే మనుషులున్నారని
రాయడానికి జాగా మిగల్లేదు.
బోర్డు అంచున సన్నగా రాస్తే
గంట కొట్టేలోపు నా మోచెయ్యే తుడిపేసింది.

మర్నాడు పార్టీలు.
గాడిదనూ ఏనుగునూ వేశాను,
ఏనుగు కొంచెం బర్రెలా వచ్చింది.
"రెండిట్ల మట్టి మోసేది ఏది సార్?"
అడిగింది తాయమ్మ.

ఓట్లప్పుడు వాళ్ల నాయన కోసం
భివండికి రెండు బస్సులు పోయాయట,
రెండు జెండాలు కట్టుకొని.
ఒకటి ఎక్కినందుకు
రెండో బస్సులో వచ్చిన సొంత తమ్ముడు
ఇప్పటికీ పలకడు.
నడుమ గోడ లేచింది, బోరు నీళ్లు బంద్.
ఓటు పడ్డ రాత్రి
తిరుగు బస్సు మాత్రం
ఏ జెండావాడూ పెట్టలేదు.

పరీక్షలో పది మార్కుల ప్రశ్న:
పడమర విస్తరణ రాజకీయాలను ఎట్లా మలిచింది?
తాయమ్మ నాలుగు పేజీలు రాసింది.
రెండో పేజీలో అమెరికా అయిపోయింది.
మూడో పేజీలో
వాళ్ల చిన్నాయన పేరుంది.

ఎర్ర పెన్ను మూత తీసి
సిరా ఆరేదాకా
అట్లే పట్టుకు కూచున్నాను.