రెండు కామాలు

కార్వో దీవికి పడవ మూడు రోజులు ఆలస్యం.
అట్లాంటిక్ అలిగి కూర్చుంటే
ఎవరు మాత్రం బతిమాలగలరు?
మోడెం ఒళ్లో పెట్టుకుని, నా స్వెటర్ దానికి కప్పి
తడిసిన పిల్లిలా దిగాను నేను.

ఆసుపత్రంటే రెండు గదులు.
నర్సు దెయొలిందా కుర్చీ తుడిచి ఇచ్చింది,
కంప్యూటర్ మీద మాత్రం చెయ్యి వెయ్యలేదు.
"ఓర్తా నుంచి రక్తపరీక్షలు ఇందులోకే వస్తాయటగా?"
నీళ్లు రాని కుళాయిని చూసినట్టు చూసింది.

కొత్త కనెక్షన్. పేరు: ఓర్తా.
ముందు సున్నా, సున్నా పక్కన రెండు కామాలు.
"కామాలెందుకు?"
ఆగడానికి. బయటి లైను దొరికేదాకా
ఒక్కో కామా రెండు సెకన్లు ఊపిరి బిగబడుతుంది.
"మా అమ్మ జపమాలా అంతే, పూసకీ పూసకీ నడుమ," అంది.
పాస్‌వర్డ్ ఆమె కొట్టుకుంటుంటే
నేను కిటికీలోంచి ఆవుల్ని లెక్కపెట్టాను. పదకొండు.

డయల్ టోన్ లేదంది యంత్రం.
రెండోసారీ అదే మాట.
రిసీవర్ ఎత్తి వింటే టోన్ ఉంది,
కాకపోతే దీవి యాస దానిది,
బొంగురుగా, కాస్త నత్తిగా.
పట్నం మోడెంకి ఎక్కలేదు.
మెనూ అట్టడుగున ఒక గడి:
డయల్ టోన్ కోసం వేచి ఉండు.
టిక్కు తీసేశాను.

అప్పుడు అరిచింది.
కీచుమని, గరగరమని, గొంతు సవరించుకుని,
సంతలో ఇద్దరు మొండివాళ్లు ఒకేసారి మాట్లాడినట్టు.
చివరికి పద్నాలుగు వేల నాలుగొందల దగ్గర
బేరం తెగింది.

ఫలితాలు ఒక్కో వరుసే దిగుతున్నాయి,
దెయొలిందా మునివేళ్ల మీద నిలబడి చదువుతోంది.
తలుపు తోసుకుని ఎజెకియేల్ వచ్చాడు,
ఒకప్పుడు కొండమీంచి తిమింగలం ఊపిరి పసిగట్టి
రాకెట్టు పేల్చి పడవల్ని లేపినవాడు.
"ఇరవై నిమిషాలుగా ఎంగేజ్!
తమ్ముడు నిచ్చెన మీంచి పడ్డాడు.
రాకెట్టే నయం,
నా జన్మలో అది ఎంగేజ్ రాలేదు."

సంచీ పట్టుకుని ఆమె పరిగెత్తింది.
ఎవరిదో చక్కెర, ఎవరిదో హిమోగ్లోబిన్
ఖాళీ గదిలోకి దిగుతూనే ఉన్నాయి.

మళ్లీ మెనూ తెరిచాను.
పని లేకుంటే లైను వదులు:
ఎన్నడూ వద్దు, అని ఉంది.
రెండు నిమిషాలని మార్చాను.
అది చాలదని నాకు తెలుసు.
వైరు పీకి, రిసీవర్ సరిగ్గా పెట్టి
చీకటి పడి ఆమె వచ్చేదాకా
ఫోను పక్కనే కూర్చున్నాను.

ఒక్క కాలూ రాలేదు.