శబ్దం తొలగించు

ఆదివారం. ఏడు రోడ్ల కూడలిలో ఎండ
ఏ రోడ్డు పట్టాలో తెలీక నిలబడిపోయింది.
నేను మేడ మీది గదిలో సొరుగు బోర్లించి
ఛార్జర్లు చిక్కు తీస్తున్నాను.
సన్న పిన్నువి, వెడల్పు పిన్నువి,
ఏ ఫోనుతో వచ్చాయో నాకే గుర్తులేనివి.
ఒకటీ పారెయ్యను.
"ఇనుపసామానోడికి వేస్తే ఉల్లిపాయలైనా వస్తాయి"
అంటుంది హేమసుందరి.
ఈ రాగిలో ఎన్ని రాత్రుల కరెంటు నడిచిందో
నీకేం తెలుసు అనుకుంటాను.
పైకి అనను.

జీతం కరెంటాఫీసులో,
మనసు కొత్త ఫోన్ల పెట్టెల్లో.
మూత లేచేటప్పుడు ఉస్సుమంటుందే ఓ నిట్టూర్పు,
ఎవరో ఇంజనీరు ఆర్నెల్లు కూచుని
కొలిచి పెట్టిన ఆలస్యం అది.
ఆ మనిషంటే నాకు గౌరవం.
కంపెనీలంటే కాదు.
ఎన్ని ఫొటోలైనా దాచుకోమని ఒకప్పుడు పిలిచి పీటేసినవాళ్లే
ఇప్పుడు నెలనెలా అడుగుతున్నారు,
అద్దె కట్టకపోతే సామాన్లు వీధిలో పెడతానంటూ
ఇంటి ఓనరు గొంతుతో.
పాటల కంపెనీ మరీను.
మా అత్తగారు ఒక్క మధ్యాహ్నం నా ఫోన్లో
అమ్మవారి హారతులు విన్న పాపానికి
మూడు నెలలుగా నాకు అవే వడ్డన,
విస్తరి మడిచినా బూరెలు వేసేవాడిలా.
బల్ల మీది మాట్లాడే డబ్బాకి
"ఒలే, ఓ పాటెయ్యే" అంటే ఎక్కదు.
నా ఇంట్లో నేనే
రేడియోలో వార్తలు చదివినట్టు మాట్లాడాలి.

పోన్లే. చెప్పాలనుకున్నది ఇది కాదు.

సొరుగు అడుగున దొరికింది
గోరంత మెమరీ కార్డు.
ఎప్పటిదో, ఆముదాలవలస అవతల ఓ ఊరి అమ్మవారి పండగ,
రాజులమ్మ జముకుల కథ.
నొక్కుడు మీటల ఫోను నెత్తి మీదికెత్తి
చెయ్యి తిమ్మిరెక్కేదాకా పట్టుకున్నాను.
ఇరవై రెండు నిమిషాలు.
కుక్కలు, జనరేటరు, ఎవరిదో దగ్గు, పిల్లాడి బూర,
వాటి మధ్యన
పచ్చి ఈతబరికెలా ఆవిడ గొంతు.

రాత్రి కొత్త యాప్‌లోకి ఎక్కించాను.
"శబ్దం తొలగించు" అని ఓ మీట.
నొక్కాను.
కుక్కలు పోయాయి. జనరేటరు ఆగింది.
దగ్గు నయమైంది.
చింతపండుతో తోమిన ఇత్తడి చెంబులా
గొంతొక్కటే తళతళా.
హేమసుందరిని లేపి మరీ వినిపించాను.
ఆవిడ అటు తిరిగి పడుకుంది.

సోమవారం భోజనాల వేళ బండి తీశాను.
పాత వంతెన దగ్గర
ఉడికించిన వేరుశెనక్కాయలు అమ్ముతోంది ఇప్పుడు రాజులమ్మ.
చెవుల్లో రెండు బడ్లూ పెట్టాను.
ముందు నవ్వింది.
తర్వాత గిన్నె అంచు మీద వేళ్లు కదిలాయి.
ఆగాయి.
చుట్టూ చూసింది,
రావలసినవాళ్లు ఇంకా రానట్టు.

"గొంతు నాదే బాబూ.
మరి మా తవిటిగాడి జముకేది?"

నేనూ మళ్లీ విన్నాను.
నిజమే. కథ పొడుగునా జుంజుమ్మని లాగే
ఆ ఒంటి నరాన్ని
యంత్రం రొద అనుకుంది,
జనరేటరుతో కలిపి ఊడ్చేసింది.
దానికి చెవులు పెట్టినవాళ్లు
పియానో వినిపించి ఉంటారు, వయొలిన్ వినిపించి ఉంటారు.
తోలు బిగించిన కుంచంలో
నరం మూలుగు ఎవరు వినిపిస్తారు?

"అసలుది ఉందమ్మా" అన్నాను, జేబులు తడుముకుంటూ.
"ఆడు పోయి నాలుగేళ్లయిపోనాది" అంది,
ఎవరికో పొట్లం కడుతూ.
కాసేపాగి,
"కుక్కలున్నదే ఎయ్యి."

వేశాను.
ఆవిడ చెవిలో ఒకటి, నా చెవిలో ఒకటి.
కుక్కలొచ్చాయి. జనరేటరొచ్చింది.
దాని కిందనుంచి, ఎక్కడో, జుమ్మని.
పది రూపాయల కాయలడిగినాయన
రెండుసార్లు అడిగి ఊరుకున్నాడు.
మూడో నిమిషంలో
దగ్గు.

"అదీ ఆడిదే" అంది రాజులమ్మ.