హాల్లో ఒక్కటే టీవీ

ఒతారులో మంచు పడితే కొండవాలు మీద మెట్లు మాయమవుతాయి.
వృద్ధాశ్రమం నుంచి ఎవరూ దిగరు, ఎవరూ ఎక్కరు.
అప్పుడిక హాలే ఊరు.

టీవీ ఒకటి, కింద పెట్టెలు రెండు.
తెల్లది అలమరలో పుస్తకంలా సన్నగా నిలబడుతుంది.
నల్లది బోర్లించిన మూకుడులా వీపు ఉబ్బి ఉంటుంది,
వేడి కూడా మూకుడు వేడే.
తీగలు మార్చీ మార్చీ టీవీ వెనక సాకెట్ వదులైపోయింది.
మేనేజర్ మియోషి గారు నా చేతికో కాగితం ఇచ్చి
"ఒకటే ఉంచుదాం. ఏది మేలో రాసివ్వు" అన్నారు.

గళ్ళు గీశాను.
బొమ్మ నాణ్యత. కరెంటు. శబ్దం. వాడే మనుషులు.

బొమ్మ దగ్గర నల్లదానిదే గెలుపు, వాదన లేదు.
సముద్రం చూపిస్తే తడి కనిపిస్తుంది.
తెల్లదాని సముద్రం పిల్లాడు రంగు పెన్సిల్‌తో దిద్దినట్టుంటుంది.
కానీ తెల్లదాని ముందు
చేపల డబ్బాల ఫ్యాక్టరీలో నలభై ఏళ్ళు తలలు నరికిన ఫుమియే గారి చెయ్యి
మళ్ళీ భుజం దాకా లేస్తుంది.
బంతి లేదు, బరువు లేదు, ఉత్త గాలిలో ఊపు.
అవతల పది పిన్నులూ పడతాయి.
ఒకసారి రిమోట్ చేజారి కిటికీకి తగిలింది,
ఆ పగులు మీద అంటించిన టేపు ఇంకా ఉంది.

హమాయా గారిది నల్లది.
మూతపడిన సినిమా హాల్లో ప్రొజెక్టర్ తిప్పిన మనిషి.
ఫ్యాను హోరు మొదలవగానే
"ఇదీ మిషనంటే" అని కుర్చీ దగ్గరికి జరుపుకునేవాడు.
"నీ తెల్లదానికి సినిమా నమలడం రాదు. పళ్ళు రాని పసిది."
"ఇక్కడ పళ్ళున్నది ఎవరికి?" అనేది ఫుమియే.
"నీ నల్లదాని ముందు కూర్చుంటే కునుకొస్తుంది.
అదేదో మందుల గదిలో పెట్టించు."

ఆయనకో అలవాటు.
సినిమా నడుస్తుంటే ఉన్నట్టుండి తెర పైన కుడి మూలకి చూసేవాడు.
రీలు అయిపోతోందని చెప్పే చుక్క పడేది అక్కడేనట.
డిస్కులో చుక్క ఉండదు.
అయినా లేచేవాడు,
రెండడుగులు వేసి, చేతులు చూసుకుని, కూర్చునేవాడు.
మేమెవరమూ నవ్వలేదు.
అబద్ధం, మొదటిసారి నవ్వాం.

ఫిబ్రవరిలో అంబులెన్స్ గొలుసులు కట్టుకుని పైకొచ్చింది.
ఆయన్ని తీసుకుని దిగింది.
మంచం దుప్పటి మార్చాం.

వారం తర్వాత ఫుమియే తెల్లది పెట్టమంది.
బంతి ఎత్తింది, ఆగిపోయింది.
పక్క వరసలో దట్టమైన కనుబొమలు, బుగ్గ మీద పుట్టుమచ్చ.
అది హమాయా గారు.
ఎప్పుడో ఆటపట్టించడానికి నా చేత ఆవిడే చేయించిన ముఖం.
ఆయన ఆ రిమోట్ ఒక్కసారీ ముట్టలేదు,
ఇప్పుడేమో చంకన బంతితో తన వంతుకి ఎదురుచూస్తున్నాడు.
"వేషాలు" అంది, ఇంకేం అనలేదు.
ఆ రోజు ఆవిడ బంతులన్నీ కాలవలోకే పోయాయి.

రాత్రి అందరూ పడుకున్నాక
కాగితం నింపాలి కదా అని నల్లది వెలిగించాను.
లోపల ఆయన డిస్కే ఉంది.
మొదటినుంచి మొదలుపెట్టలేదది.
గంటా పన్నెండు నిమిషాల దగ్గర, ఆయన ఆపిన చోట,
ఒకావిడ సగం విప్పిన గొడుగుతో వాకిట్లో నిలబడి ఉంది.
ప్లే నొక్కబోతే వెనక చెప్పుల చప్పుడు.
ఫుమియే, నిద్రబట్టల మీద కోటుతో.
"మిగతాది పెట్టు."

గొడుగు పూర్తిగా విచ్చుకుంది.
ఆవిడ కునుకు తీయలేదు.
కథ అర్థమవుతోందో లేదో,
మధ్యమధ్య కుడి మూలకి చూస్తోంది.
నేనూ చూశాను.

పొద్దున మియోషి గారికి కాగితం ఇచ్చాను.
గళ్ళన్నీ ఖాళీ.
అడుగున ఒక్క వాక్యం:
"రెండు తీగలు పట్టే స్విచ్చు పెట్టె
స్టేషన్ దగ్గర కొట్లో ఎనిమిది వందల యెన్లు.
మంచు తగ్గాక నేనే తెస్తాను."